సూది ముందు, సీసా వెనక

మా అవ్వ మంత్రసాని. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళకు ఇప్పుడు మనవలున్నారు. వాళ్ళలో ఎవరైనా బస్టాండులో ఎదురైతే నా పేరు అడగరు, "నువ్వు మంత్రసాని మనవరాలివి గదా" అంటారు. కాన్పుకు పిలుపు వస్తే అవ్వ గుడ్డసంచిలో మూడే పెట్టుకునేది. కొత్త బ్లేడు, ఉడకబెట్టి ఆరేసిన నూలుదారం, చిన్న డబ్బాలో పసుపు. గడప దాటగానే ఆమె మొదటి మాట "నీళ్ళు కాగవెట్టుండ్రి". ఆ నీళ్ళు ముందు తల్లికీ కాదు, బిడ్డకూ కాదు, తన చేతులకు. మోచేతుల దాకా, ఓర్వగలిగినంత వేడిలో ముంచి రుద్దుకునేది. ఎందుకవ్వా అని అడిగితే "మా అమ్మ జెప్పింది" అనేది. చేతులు ముంచని మంత్రసాని పోయిన ఇండ్లల్లో బాలెంతలు ఎక్కువ పోయారన్నదొక్కటే ఆమెకు తెలిసిన లెక్క.

కాన్పయిన మూడో రోజు బాలెంత వణకడం మొదలుపెడితే అవ్వ ముఖం మారిపోయేది. పొత్తికడుపు ఉబ్బేది, మైల వాసన వచ్చేది, ఒళ్ళు పెనంలా కాలేది, తెల్లవారేసరికి ఏవేవో మాటలు. ఊళ్ళో కొందరు సన్ని లేచిందనేవారు, కొందరు గాలి సోకిందనేవారు. అవ్వ గొంతు తగ్గించి "రక్తం ఇసమైంది" అనేది. ముప్పై ఆరేళ్ళు ల్యాబులో పనిచేసినదాన్ని, ఈ జబ్బుకు ఇంతకంటె సరైన మాట నాకు దొరకలేదు. కాన్పు తర్వాత గర్భసంచి లోపలంతా పచ్చి పుండు. స్ట్రెప్టోకాకస్ అనే గొలుసు పురుగు ఆ పుండులో దిగి, అక్కడి నుంచి నెత్తుట్లోకి పాకుతుంది. నెత్తురు పోయిన చోటికల్లా అదీ పోతుంది. బీపీ పడిపోతుంది, మూత్రం ఆగిపోతుంది. డాక్టర్లు సెప్టిసీమియా అన్నా, సెప్సిస్ అన్నా అవ్వ చెప్పిన మాటే.

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్న వైద్య విద్యార్థుల చేత క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. కొద్ది నెలల్లోనే బాలింత చావులు బాగా తగ్గాయి. తోటి డాక్టర్లు ఆయన మాట పట్టించుకోలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో, చీముపట్టిన పుండుతో, తాను జీవితమంతా పోరాడిన జబ్బుతోనే ఆయన పోయాడు. ఈ కథ నేను డిప్లొమా చదువుతున్నప్పుడు మొదటిసారి విని, సెలవులకు ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "పాపం, ఆయనకు చెప్పినా ఇనేటోల్లు లేకపాయె" అంది.

మాది పసుపు పండే నేల. మా ఊళ్ళో పసుపు పరిశోధన కేంద్రమే ఉంది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో పెట్టినప్పుడు మా వాళ్ళు పండుగ చేసుకున్నారు. సంక్రాంతి దాటాక ఇక్కడికి వస్తే ఊరి చివర కడాయిల్లో కొమ్ములు ఉడుకుతున్న వాసన వస్తుంది, కల్లాల్లో ఆరబోసిన పసుపు కనిపిస్తుంది. వేలు తెగినా, కాలు చీరుకున్నా, బొడ్డు కోసినా పసుపు అద్దడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అందులో తప్పు లేదు, పైపుండు మీద పసుపు కొంత పని చేస్తుంది. కాని పసుపులోని కుర్కుమిన్ మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. చర్మం మీద ఉన్నంతవరకే పసుపు రాజ్యం. రక్తంలో దిగిన పురుగు దగ్గరికి అది పోలేదు. పోగలిగిన మందు మా ఊరికి సూది రూపంలో వచ్చింది.

ఆ సూది ప్రపంచంలో మొదట అడుగుపెట్టిందీ రక్తంలో దిగిన జబ్బు మీదే. 1936లో లండన్‌లో కోల్‌బ్రూక్ అనే డాక్టరు బాలింత జ్వరానికి ప్రాంటోసిల్ అనే సల్ఫా మందు ఇచ్చి తల్లులను బతికించాడు. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఎక్కించారు. ముఖమంతా చీముగడ్డలు, ఒక కన్ను తీసేశారు, రక్తమంతా పురుగు. అయిదు రోజుల్లో జ్వరం దిగింది, అన్నం అడిగాడు. అంతలో ఉన్న మందంతా అయిపోయింది. అతని మూత్రంలోంచి పెన్సిలిన్ తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. అయినా చాలలేదు, మార్చిలో చనిపోయాడు. నాలుగేళ్ళ తర్వాత నోబెల్ బహుమతి అందుకుంటూ పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడితే పురుగు చావకపోగా మందుకు అలవాటు పడుతుందని హెచ్చరించాడు. 1945 నాటి మాట అది.

కమ్మర్‌పల్లికి సూది 1960ల నడుమ వచ్చిందని మా నాయిన చెప్పేవాడు. స్టీలు డబ్బాలో గాజు సిరంజి, రెండు సూదులు. కిరోసిన్ స్టవ్ మీద వాటిని మరిగిస్తుంటే పిల్లలమంతా తలుపు సందుల్లోంచి చూసేవాళ్ళం. ఆ డబ్బా మూత తీసిన చప్పుడుకే ఏడుపు మొదలయ్యేది. ఆ సూది వేసేది డిగ్రీ లేని ఊరి డాక్టరు, ఆర్‌ఎంపీ. అతన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే చెప్పులు కూడా తొడుక్కోకుండా లేచి వచ్చింది అతనొక్కడే. డబ్బులు లేకపోతే పసుపు అమ్మినంక ఇవ్వుమన్నదీ అతనే. అయితే అతని సంచిలో మందుంది గాని, ఆ మందు ఏ పురుగు మీదికి పోతుందో తెలుసుకునే సాధనం లేదు. అది మా మండలంలోనే లేదు. జబ్బు పడ్డవాళ్ళూ అడిగింది అది కాదు. "గోలీ వద్దు సారూ, సూది ఎయ్యి, పొద్దున పనికి పోవాలె" అనేవాళ్ళు. మా అమ్మ బీడీలు చుట్టేది. రోజుకు వెయ్యి చుట్టకపోతే ఆ రోజు కూలి లేదు. జ్వరం వస్తే ఆమె చేయి చాపి కూర్చునేది, సూది పడగానే మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకునేది.

మొదట పెన్సిలిన్, పక్కన స్ట్రెప్టోమైసిన్. తర్వాత ఆంపిసిలిన్. 1980లకు వచ్చేసరికి జెంటామైసిన్, దాన్ని ఊళ్ళో 'జెంటా' అనేవారు. జెంటాతో పాటు డెక్సా అనే స్టెరాయిడు ఒకటి. జ్వరాన్ని గంటలో దించేది ఆ డెక్సానే. పురుగు మీద దానికి ఏ బలమూ లేదు, పైగా ఒంటికి ఎదురు తిరిగే శక్తిని తగ్గిస్తుంది. జ్వరం దిగింది కాబట్టి మందు పనిచేసిందని అందరూ నమ్మారు. దుబాయి పోయినవాళ్ళు డబ్బులు పంపడం మొదలయ్యాక మెడికల్ షాపులు పెరిగాయి, సెలైన్ సీసా ఇంటి దూలానికే వేలాడేది. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. అయితే మా ఊళ్ళో నా కళ్ళతో చూశాను.

నేను 1983లో హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖాన ల్యాబులో చేరాను. ఇంట్లో అక్కను బోధన్ ఇచ్చి, నన్ను చదివించారు. అప్పటికి మా వైపు ల్యాబంటే మలేరియా స్లైడు, మూత్రంలో చక్కెర, వైడాల్. బ్లడ్ కల్చర్ అనే మాట నేనూ అక్కడే మొదటిసారి విన్నాను.

అదెలా చేస్తామో చెప్పాలి. ఎందుకంటే రక్తాన్ని ప్రశ్న అడగడమంటే అదే. రోగి మోచేతి మడత దగ్గర ముందు స్పిరిట్‌తో, తర్వాత అయోడిన్‌తో తుడిచి, ఆరేదాకా ఆగాలి. ఆరకముందే గుచ్చితే చర్మం మీది పురుగు సీసాలోకి వస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. పెద్దవాళ్ళకయితే ఎనిమిది పది మిల్లీలీటర్లు, రెండు చేతుల నుంచీ తీస్తే మేలు. ఆ రక్తాన్ని మాంసరసం లాంటి పులుసున్న సీసాలో కలిపి 37 డిగ్రీల పెట్టెలో పెడతాం. రోజూ పొద్దున ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి చూసేదాన్ని. పురుగు పెరిగితే పులుసు మసకబారుతుంది, బియ్యం కడిగిన నీళ్ళలా. అప్పుడు దాన్ని గొర్రె నెత్తురు కలిపిన ప్లేటు మీద గీస్తాం. మర్నాటికి గుండ్రటి చుక్కలుగా లేస్తుంది. ఆ చుక్కను మరో ప్లేటంతా పరిచి, ఒక్కో మందు తడిపిన చిన్న కాగితం బిళ్ళలు పేర్చుతాం. పురుగు చచ్చిన చోట బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. దాన్ని స్కేలుతో కొలుస్తాం. మొత్తం మూడు నాలుగు రోజుల పని. మా ఊళ్ళో సూదికి మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాలకూ ఈ మూడు రోజులకూ మధ్య ఎంతమంది పోయారో ఎవరూ లెక్క రాయలేదు.

మా జిల్లాలోనే ఒక దవాఖాన ఈ పాఠాన్ని చాలా ముందుగా నేర్చుకోవలసి వచ్చింది. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వైపు పోయే దారిలో డిచ్‌పల్లి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. డబ్బిచ్చింది రాజా నర్సాగౌడ్. ఊరి బయట బతుకుతున్నవాళ్ళను లోపలికి పిలిచి మంచం వేసిన చోటు అది. మొదట చాల్‌మూగ్రా జాతి నూనె సూదులు. ఎంతో నొప్పి, ఫలితం కొంత. ఆ తర్వాతి కాలంలో డాప్సోన్ గోలీ వచ్చింది. చవక, మింగడం తేలిక. లోకమంతా కుష్ఠుకు ఆ ఒక్క గోలీనే ఏళ్ళ తరబడి ఇచ్చింది. 1964లో మలేసియాలో మొదటిసారి, డాప్సోన్‌కు లొంగని కుష్ఠు పురుగును ఎలుక పాదాల్లో పెంచి రుజువు చేశారు. తర్వాత ఏ దేశంలో వెతికినా కనిపించింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇవ్వాలని చెప్పింది. ఒక మందును తట్టుకున్న పురుగు రెండోదానికి చస్తుంది. నెలకోసారి మోతాదు ఆరోగ్య కార్యకర్త కళ్ళ ముందే మింగాలి. ఆ పద్ధతితోనే కుష్ఠు తగ్గింది. మా వైపు పెద్దవాళ్ళు డిచ్‌పల్లి పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. అక్కడ ఒక జబ్బుకు పాటించిన క్రమశిక్షణను మిగతా జబ్బుల దగ్గర మేం పాటించలేదు. నాకు బాధంతా అదే.

టైఫాయిడ్ సంగతే చూడండి. అది పేగుల జబ్బని అంటారు గాని పురుగు రక్తంలోకీ దిగుతుంది. 1948లో వచ్చిన క్లోరాంఫెనికాల్ దాన్ని లొంగదీసింది. చేదు మందు, చవక మందు. చాలా అరుదుగా ఎముక మూలుగును దెబ్బతీసే గుణం దానికుంది, అయినా లక్షల మందిని బతికించింది. మా దేశంలో అది ఓడిపోయిన మొదటి పెద్ద వార్త 1972లో కేరళలోని కోళిక్కోడ్ నుంచి వచ్చింది. 1990 వచ్చేసరికి ఆ ఓటమి మా ల్యాబు ప్లేట్ల మీదే కనిపించింది. క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, మూడు బిళ్ళల అంచుదాకా పురుగు పచ్చికలా పెరిగి ఉంది. నేను ఆ ప్లేటు మూత తీసి, మళ్ళీ పెట్టి, సరిగ్గా చేయలేదేమోనని ఇంకో ప్లేటు వేశాను. మర్నాడూ అదే.

అప్పుడు ఆదుకున్నది సిప్రోఫ్లాక్సాసిన్. దాన్ని చవకగా తయారుచేసి ఊరూరికీ చేర్చింది ఎక్కువగా మన హైదరాబాద్ కంపెనీలే. బాలానగర్‌లో సోవియట్ సాయంతో కట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు బయటికి వచ్చి సొంతంగా పెట్టుకున్న కంపెనీలు చాలా ఉన్నాయి. 1984లో అంజిరెడ్డి గారు పెట్టింది అందులో పేరుపడ్డది. దీని గురించి నాకు గర్వం ఉంది, దాచుకోను. మా అమ్మ ఒక రోజు కూలితో కొనగలిగిన మందు పది మందిని బతికిస్తే అది చిన్న సంగతి కాదు. అయితే చవక కావడంతో జలుబుకూ సిప్రో, విరేచనాలకూ సిప్రో, నడుము నొప్పికీ సిప్రో. పదేళ్ళు గడవకముందే నాలిడిక్సిక్ ఆసిడ్ బిళ్ళ చుట్టూ వలయం మాయమైంది. సిప్రో కూడా పోబోతోందని మాకు అది ముందుగా చెప్పే గుర్తు.

జ్వరం వచ్చిన ప్రతివాళ్ళకూ వైడాల్ చేసి 'టైఫాడ్' అని రాసే అలవాటు దీనికి తోడు. 1896లో పారిస్‌లో విడాల్ కనిపెట్టిన పరీక్ష అది. టైఫాయిడ్ ఎప్పుడూ తిరిగే ఊళ్ళలో ఆరోగ్యవంతుల రక్తంలోనూ అది పాజిటివ్ రావచ్చు. ఏటా వానాకాలం నాకు మా ఊరి చుట్టాలు కాగితాలు చూపించి "మల్ల టైఫాడే వచ్చింది" అని చెప్పేవారు. ఏటేటా ఒకరికే టైఫాయిడ్ రాదని నేను ఎంత చెప్పినా కాగితం మీద అచ్చయిన మాటదే పైచేయి.

ఇక మా చిన్న మేనమామ సంగతి. రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను.

2006 జనవరిలో పసుపు తవ్వుతుంటే గడ్డపార జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. పసుపు నింపి గుడ్డ కట్టాడు. మూడో రోజు పాదం వాచింది. నాలుగు రోజులు జెంటా, డెక్సా. జ్వరం దిగింది, మళ్ళీ చేనుకు పోయాడు. ఏడో రోజు మంచం ఊగేంత వణుకు. టౌనులో ఒక నర్సింగ్ హోములో చేర్చి మందులు మార్చారు, మళ్ళీ మార్చారు. రక్తం తీసి కల్చర్‌కు పంపలేదు. తొమ్మిదో రోజు రాత్రి హైదరాబాద్, నేను పనిచేసే చోటికే తెచ్చారు. రెండు చేతుల నుంచీ రక్తం నేనే తీశాను. సీసా మీద పేరు, వయసు, టైము రాశాను. నా చేతిరాత నాకే కొత్తగా కనిపించింది. ఐసీయూలో మూడో నాడు తెల్లవారుజామున ఆయన పోయాడు. దినాలకు ఊరికి పోకముందు ల్యాబుకు వెళ్ళి సీసాను ట్యూబులైటుకు ఎత్తి పట్టి చూశాను. పులుసు తేటగా ఉంది. ఏడో రోజు చూసినా తేటగానే ఉంది. రిజిస్టరులో 'పెరుగుదల లేదు' అని నేనే రాశాను.

రక్తంలో పురుగు లేదని దాని అర్థం కాదు. అన్ని రోజులు రకరకాల మందులు పడ్డాక ఆ రక్తంలో మందూ ఉంటుంది, చావుబతుకుల్లో ఉన్న పురుగూ ఉంటుంది. సీసాలో పెరగలేనంత దెబ్బతిన్న పురుగు కాలి ఎముకలో, గుండె కవాటంలో దాగి బతికే ఉంటుంది. ఇప్పుడు వచ్చే సీసాల్లో మందును పీల్చుకునే గుండ్లు వేస్తున్నారు, కొంత మేలు. అప్పుడు అవి మాకు లేవు. ఆక్స్‌ఫర్డ్ పోలీసు మందు చాలక పోయాడు. మా మామకు మందు ఎక్కువే పడింది, అయితే ఏ పురుగుకు వేస్తున్నారో ఎవరికీ తెలియదు. మొదటి సూదికి ముందు పది మిల్లీలీటర్ల రక్తం తీసి ఉంటే తెలిసేది. ఇంటికి పోయాక అత్తమ్మ అడిగింది, "నీ దగ్గరికే తెచ్చినం గదా బిడ్డా, ఏం పురుగని తేలింది?" అని. నేను జవాబు చెప్పలేదు.

మందులు తయారయ్యే చోటి సంగతీ ఒకటుంది. అక్క దగ్గరికి బోధన్ పోవాలంటే హైదరాబాద్ నుంచి బాన్సువాడ మీదుగా పోయే బస్సు ఎక్కేదాన్ని. దారిలో పటాన్‌చెరు వచ్చేసరికి బస్సులో అందరూ కిటికీలు మూసేవారు, అక్కడి మందుల ఫ్యాక్టరీల ఘాటు అంతటిది. ఆ తర్వాత నిజాంసాగర్ కాలువల పచ్చదనం, చెరుకు చేలు, షక్కర్‌నగర్ పొగగొట్టం. 1931లో మంజీర మీద కట్టిన నిజాంసాగర్ వల్లనే బోధన్‌కు చెరుకు వచ్చింది, చెరుకు వల్ల 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015 చివర అది మూతపడ్డాక అక్కావాళ్ళ వాడ సగం ఖాళీ అయింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి పోతున్న నీటిని పరీక్షించి ఫలితాలు అచ్చువేసింది. సుమారు 90 ఫ్యాక్టరీల మురుగు అక్కడికి వచ్చేది. శుద్ధి చేశామన్న ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. గోలీ మింగిన మనిషి రక్తంలో ఉండేది లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే. రోగి ఒంట్లో కంటె వాగులో మందు పదింతలు! ఆ కాగితం మా ల్యాబులో ఒక డాక్టరమ్మ చదివి వినిపించినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది మూసిన బస్సు కిటికీలు. ఆ నీళ్ళు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి. మంజీర మీదనే నిజాంసాగర్. తర్వాత ఆ వాగుల అడుగు మట్టిలో మందులను తట్టుకునే జన్యువులు పెద్ద ఎత్తున దొరికాయి. పురుగులు ఆ జన్యువులను ఒకదానికొకటి అందించుకుంటాయి. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్ళు ఈ మురుగు మీద దశాబ్దాల పాటు కోర్టుల్లో, వీధుల్లో కొట్లాడారు. 2020లో కేంద్రం ఫ్యాక్టరీ నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంత ఉండవచ్చో పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. మరుసటి ఏడు వచ్చిన తుది నియమాల్లో ఆ పరిమితులు లేవు. ఇది నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వని విషయం.

2010 తర్వాత మా పని మారిపోయింది. సీసాలను వెలుతురుకు ఎత్తి చూడడం పోయి యంత్రం వచ్చింది, సీసాలో పురుగు పెరిగితే అదే కూత వేస్తుంది. ఐసీయూ నుంచి వచ్చిన సీసాలు పన్నెండు పద్నాలుగు గంటలకే కూసేవి. మెడ నరంలో గొట్టం, మూత్రనాళంలో గొట్టం, గొంతులో గొట్టం. ప్రాణం నిలిపే గొట్టమే పురుగుకు దారి. ప్లేటు మీద ఎక్కువసార్లు కనిపించింది క్లెబ్సియెల్లా. గులాబి రంగులో జిగటగా లేస్తుంది. లూప్‌తో ముట్టి పైకి లేపితే కొన్ని తీగ సాగుతాయి, బెల్లం పాకం వేలికి తీగ సాగినట్టే. దాని చుట్టూ మందు బిళ్ళలు పేర్చితే సెఫ్ట్రయాక్సోన్‌కు వలయం లేదు, అమికాసిన్‌కు లేదు, చివరి అస్త్రమనుకున్న మెరోపెనెమ్‌కూ లేదు. దేశవ్యాప్తంగా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలదీ అదే దారి. ఇ.కొలై పురుగుల్లో మెరోపెనెమ్ కోవకే చెందిన ఇమిపెనెమ్‌కు లొంగేవి 2017లో 81 శాతం, 2022లో 66 శాతం.

అక్కడి నుంచి కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని 1970లలోనే పక్కన పెట్టిన మందు అది. వేరే దిక్కు లేక అటక మీంచి దించుకున్నాం. దానికి కాగితం బిళ్ళ పరీక్ష కూడా సరిపోదు, పెద్ద అణువు కాబట్టి ప్లేటులో సరిగ్గా పాకదు. వరుసగా పలుచన చేసిన గుంటల్లో పరీక్షించాలి. మేం ఇలా ఒక్కో గుంటా చూసుకుంటుంటే, అదే మందును కోళ్ళ దాణాలో కలుపుతున్నారని తెలిసింది. 2019 జులైలో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కోళ్ళకు యాంటీబయాటిక్ పెడితే బలుస్తాయన్న సంగతి బయటపడ్డది 1950లో, అమెరికాలో లెడర్లే కంపెనీలో, ఆరియోమైసిన్ తీసిన తర్వాత మిగిలిన పిప్పితో. ఆరియోమైసిన్ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో వెలువడ్డ మందు. 1948లో అది లోకానికి తెలిసిన కొద్ది వారాలకే ఆయన కన్నుమూశారు. ఈ దాణా సంగతి ఆయన చూడలేదు.

2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే నియమం అమల్లోకి వచ్చింది. పెద్ద యాంటీబయాటిక్‌లు అమ్మితే షాపువాళ్ళు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాయాలి. 2013లో నిజామాబాద్‌లో మెడికల్ కాలేజీ మొదలైంది, దానితో మైక్రోబయాలజీ విభాగమూ వచ్చింది. జిల్లాలో పిల్లలు ఆ ప్లేట్లు గీయడం నేర్చుకుంటున్నారు. నాకు వాళ్ళను చూస్తే కడుపు నిండుతుంది.

టైఫాయిడ్ దగ్గరే ఒకటి మిగిలింది. 2016 చివర పాకిస్తాన్‌లోని సింధ్‌లో, హైదరాబాద్ అనే పేరున్న నగరంలోనే, సెఫ్ట్రయాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ లేచింది. దాన్ని ఆపడానికి 2019లో అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. ఆ వార్త విన్న రోజు ల్యాబులో మేమంతా మిఠాయి పంచుకున్నాం.

నా ఉద్యోగం చివరి ఏడాది, వానాకాలం. కమ్మర్‌పల్లి వైపు నుంచి ఒక తల్లి పదేళ్ళ కొడుకును తీసుకుని వచ్చింది. ఆరు రోజుల జ్వరం. యాస పట్టి ఏ ఊరమ్మా అని అడిగాను. దారిలో ఎక్కడన్నా సూది వేయించారా అని అడిగితే, "లేదు మేడం, మా అవ్వ ఒద్దన్నది, ముందుగాల రక్తం సూపియ్యమన్నది" అంది. సీసా రెండో రాత్రి కూసింది. ప్లేటు మీద టైఫాయిడ్ పురుగే. బిళ్ళలు పేర్చేటప్పుడు డబ్బా అడుగున ఉన్న క్లోరాంఫెనికాల్ కూడా పెట్టాను. ఏళ్ళ తరబడి ఎవరూ వాడని మందది. అంతకు ముందు నుంచే కొన్ని ప్లేట్లలో అది తిరిగి పనిచేస్తున్నట్టు చూస్తున్నాం. పొద్దున మూత తీశాను. సిప్రో బిళ్ళను పురుగు అంచుదాకా కమ్మేసింది. క్లోరాంఫెనికాల్ బిళ్ళ చుట్టూ మాత్రం వాకిలి ఊడ్చినట్టు శుభ్రంగా ఖాళీ. 1990లో రెండుసార్లు ప్లేటు వేసి చూసిన ఆ బిళ్ళే. స్కేలు పెట్టి కొలిచాను. 28 మిల్లీమీటర్లు. రిజిస్టరులో ఆ అంకె రాసి, పిల్లవాడి పేరు పక్కన ఊరి పేరు కూడా రాసుకున్నాను.